తాడు లేని రాయి

కర్నూలు నీట మునిగి నాలుగేళ్లయిన సంవత్సరం అది, జొన్న కంకులు పాలు పోసుకున్నాయి, చిలకలు పొద్దున తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం వాలుతాయి కనుక నడిమి పూట శంషాబాద్‌లో నేనూ ఉంటున్న అల్లుడి ఇంటికి వచ్చాను, రాజేంద్రనగర్ చేలలో పిట్టలు కొట్టడం నా పని, భుజాన రాళ్లు రువ్వే వడిసెల అలాగే ఉంది, వాకిట్లో మనవరాలు రేఖ అరచేయి పట్టుకుని కూర్చుంది, వేళ్ల సందుల్లోంచి నెత్తురు, ఏమైందని అడగలేదు, నేను అడిగే మనిషిని కాను, నా కూతురు మంజులే చెప్పింది, చాయ్ పెట్టమంటే లెక్క అయినంక పెడతనన్నదట, తండ్రి రాఘవేందర్ కంపాస్ గుంజుకుని ముల్లు అరచేతిలో దించాడట, మంజుల పెదవి కూడా పగిలి ఉంది, దాని సంగతి అది చెప్పలేదు.

కోడిగుడ్డంత రాయి వడిసెల గూట్లో పెట్టాను, అల్లుడు గడపలో నిలబడి సిగరెట్ ముట్టిస్తున్నాడు, పదిహేను అడుగులు, ఎగిరే చిలక తల పగలగొట్టిన చేయి నాది, మనిషి కణత చిలక తల కన్నా వెడల్పే కదా, ఒక చుట్టు తిప్పాను, తాడు గాలిని కోసింది, ఏంది మామా, నన్ను పిట్టననుకుంటున్నవా, అని వాడు నవ్వాడు, రేఖ చేస్తున్న ఆ లెక్క నాకు తెలుసు, నిన్న నాకే చెప్పింది, మూడో తరగతితో బడి మానిన నాకు, భూమి చుట్టూ గుండ్రంగా తిరిగే అంతరిక్ష నౌక వేగమెంత అని, మూడు వందల కిలోమీటర్ల ఎత్తుల తిరిగితే సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైనే తాతా, మన వాకిట్ల రెప్ప మూస్తే అంత దూరం గగన్‌పహాడ్ కాడ తెరుస్తది, అప్పుడు నేను, ఇంకా ఎత్తుకు పోతే ఇంకా జోరు కావాలె కద, తాడు పొడుగైతే రాయి జోరెక్కుతది, నాకు చెప్తవా అన్నాను, అది నవ్వింది, నీ వడిసెలకు తాడుంది తాతా, దీనికి లేదు, భూమి గుంజుడే దీని తాడు, దూరం పోయినకొద్ది గుంజుడు తగ్గుతది, ముప్పై ఆరు వేల ఎత్తుల సెకనుకు మూడే, దగ్గరున్నదే పాణం పెట్టి ఉరకాలె, జర మెల్లగైందా, వచ్చి భూమి మీద పడ్తది.

రెండో చుట్టు, వాడి కణత నుంచి నెత్తురు ఎలా చిమ్ముతుందో కళ్ల ముందు ఆడింది, నోరు ఊరింది, ఎముక పగిలే చప్పుడు నాకు కొత్త కాదు, నా పెళ్లాం ఈరమ్మ పన్ను, అన్నంలో రాయి వచ్చిందని ఇదే పిడికిలితో గుద్దాను, పన్ను కంచంలో పడితే దాన్నీ రాయే అనుకుని ఏరి పారేశాను, ఆమె నీళ్లకు ఉరికింది, ఎప్పుడూ ఉరికేది, పొయ్యి నుంచి నా మంచానికి, మంచం నుంచి బావికి, ఎందుకే గట్ల ఉరుకుతవని నేనే తిట్టేవాణ్ణి, ముప్పై ఏళ్లు, పాడె ఎక్కేదాకా ఉరికింది.

మూడో చుట్టులో వదలాలి, లోపల చాయ్ పొంగిన వాసన, మంజుల పగిలిన పెదవితోనే పొయ్యి దగ్గరికి ఉరికింది, నెత్తి మీద చావు తిరుగుతుంటే మొగుడి చాయ్ కోసం ఉరికింది, అదే ఉరుకు, తల్లి ఉరుకు, ఈరమ్మ ఎవరి చుట్టూ తిరిగిందో అప్పుడు కనిపించింది, రాయి వదిలాను, కణతకు కాదు, వాడి చెవి పక్కన దర్వాజా చెక్క లేచిపోయింది, సిగరెట్ కింద పడింది, ఇంకో రాయి గూట్లో పెట్టుకుంటూ, సామాన్లు సదురు బిడ్డా, ఈడికెల్లి దూరం పోతున్నం, అన్నాను, వాడు అడ్డం రాలేదు.

మర్నాడు పొద్దున చేను పక్క రేకుల గదిలో మంజుల నాకన్నా ముందే లేచి పొయ్యి వైపు ఉరకబోయింది, చేయి పట్టి కూర్చోబెట్టాను, చక్కెర ఎంత వెయ్యాలో తెలియక పిడికెడు వేశాను, పుట్టి బుద్ధెరిగాక నేను కాచిన మొదటి చాయ్, కట్టు కట్టిన చేత్తో రేఖ, పగిలిన పెదవితో మంజుల గ్లాసులు అందుకున్నారు, మెల్లగ తాగుండ్రి, అన్నాను.