వాడిన పూలకు కాపలా

దేవుడికి ప్రార్థన ఎక్కువైతే పూలు తక్కువవుతాయా? ఈ అనుమానం ఆరేళ్లపాటు నన్ను తొలిచింది. ఎవరినీ అడగలేదు. తపాలా కార్యాలయంలో పార్సిళ్లు తూచే మనిషిని, దేవుణ్ణి తూచే ధైర్యం నాకెక్కడిది? కానీ కళ్ల ముందున్నది కాదనలేను కదా. పూటకు అరగంట స్తోత్రాలు చదివే రోజుల్లో మా గోడ వెంబడి ఉన్న తొమ్మిది గులాబీ మొక్కలూ విరగబూసేవి. గంట చదవడం మొదలుపెట్టాక రెండో మూడో పూసి ఊరుకునేవి.

విరగబూసిన రోజుల్లో ఆ ఘనత నాదే అనుకునేవాణ్ణి. ఆఫీసులో ఎవరైనా "మీ మొక్కలకు ఏం వేస్తారండీ?" అని అడిగితే, కళ్లు సగం మూసి, "వేసేదేముంది, చదవడమే" అనేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెవి నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

మా పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. వీధంతా టైలరమ్మ అంటారు. మా రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. సాయంత్రాలు ఆవిడా నా భార్యా ఆ గోడకు చెరోపక్క నిలబడి, వదినా అంటే వదినా అనుకుంటూ పొద్దుపోయేదాకా మాట్లాడుకునేవారు. మాటల మధ్యలోనే టైలరమ్మ మెడలోని టేపు వెనక్కి తోసుకుని, చేతిలోని కత్తెరతో మా మొక్కల మీద వాడిన పూలను టకటకా కత్తిరించేది.

ఒకరోజు అది నా కంటపడింది. అప్పుడే ప్రార్థన ముగించి, ఒంటినిండా భక్తితో బయటికి వచ్చాను.

"ఏంటమ్మా ఇది?"

"వాడినవే అన్నయ్యగారూ. మంచివి ముట్టుకోలేదు."

"వాడినా దేవుడివే కదా! పూయించినవాడికి రాల్చడం తెలీదా? ఆయన సొమ్ము మీద చెయ్యి వేస్తే ఏమంటారో నేను చెప్పాలా?"

"ఊరుకోండి, ఆవిడ మన మంచికే చేస్తోంది" అంది నా భార్య.

ఊరుకుంటే నా భక్తి ఏం కావాలి? ఆ ఆదివారమే పొడవాటి ఇనప రేకు తెచ్చి గోడ మీద నిలబెట్టి, స్క్రూలతో బిగించాను. ప్రార్థన కూడా పూటకు గంట చేశాను. టైలరమ్మ మళ్లీ గోడ దగ్గరికి రాలేదు. రేకు అవతల మిషను చప్పుడు మాత్రం వినపడేది. నా భార్య వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లి పలకరించబోతే, "మీ ఆయన నన్ను దొంగని చేశారు వదినా. ఆ మాట ఆయన నోటితోనే వెనక్కి తీసుకోవాలి. అప్పటిదాకా మన మాటలు వద్దు" అందట. ఈ సంగతి నా భార్య ఒక్కసారే చెప్పింది. నేను పుస్తకం తిరగేస్తూ, వినపడనట్టు ఉండిపోయాను. అప్పట్నుంచీ ఆమె సాయంత్రాలు వంటింట్లోనే కూర్చునేది.

ఈ ఆరేళ్లలో మొక్కల మీద వాడిపోయి నల్లబడిన పూలు, వాటి వెనక కట్టిన కాయలు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఒక్కో పువ్వూ దానంతటది రాలిపోయేదాకా చేతులు కట్టుకుని ఎదురుచూశాను. వాడిన పూలకు ఇంత నిష్ఠగా కాపలా కాసినవాడు లోకంలో ఇంకొకడు ఉండడు.

ఈ మధ్య ఎరువు కోసం నర్సరీకి వెళ్లి, అక్కడి పెద్దాయనతో నా గోడు చెప్పుకున్నాను.

"వాడినవి కోస్తున్నారా?" అన్నాడు.

"కొయ్యను."

"ఏం?"

చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"కాయ కట్టిందంటే మొక్క తన పని అయిపోయిందనుకుంటుందండీ. బలమంతా ఆ కాయకే పెడుతుంది. వాడగానే కోసేస్తే మళ్లీ పూయాలని చూస్తుంది. అయిదాకుల రెబ్బ చూసుకుని, దానికి కాస్త పైన కొయ్యండి. ఇంతకుముందు బాగా పూసేవన్నారే, అప్పుడెవరు కోసేవాళ్లు?"

ఎరువు మూట భుజాన వేసుకుని వచ్చేశాను. ఎన్ని పార్సిళ్లు మోసిన భుజమో! ఆ ప్రశ్నను మాత్రం ఇంటిదాకా మోయలేక చచ్చాను.

మర్నాడు కత్తెర పట్టాను. కళ్లజోడు దేవుడి దగ్గరే మర్చిపోయి, మొదటి మొక్కకున్న రెండు మొగ్గలూ కోసేశాను.

"వాడినవి కొయ్యమన్నాడా, పుట్టనివి కొయ్యమన్నాడా?" అంది నా భార్య కిటికీలోంచి.

కళ్లజోడు తెచ్చుకుని, ఆకుల్ని ఒకటీ రెండూ అని పైకి లెక్కపెడుతూ రెబ్బల్ని వెతుకుతుంటే, "ఇది ఏ స్తోత్రమండీ, కొత్తగా ఉంది?" అంది.

నెలన్నర తిరిగేసరికి తొమ్మిదింటికి తొమ్మిదీ పూశాయి. కోతల పనితో ప్రార్థన మళ్లీ అరగంటకే వచ్చింది. దేవుడు నొచ్చుకున్నట్టేమీ కనపడలేదు. బహుశా ఆయన మొదట్నుంచీ నా మొర వింటూనే, టైలరమ్మ కత్తెరతో జవాబు పంపిస్తూ ఉన్నాడేమో. ఆ జవాబుకే నేను రేకు అడ్డం పెట్టానేమో.

నా భార్య వచ్చి పూల ముందు నిలబడింది. సంతోషిస్తుందనుకున్నాను.

"బాగున్నాయి. చూపించుకోవడానికే మనిషి లేదు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం స్క్రూడ్రైవర్ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాను. స్క్రూలు తుప్పు పట్టి మొరాయించాయి. ఒక్కొక్కటీ తిప్పుతూ, చెప్పాల్సిన మాటలను మనసులో వల్లించుకున్నాను. చివరి స్క్రూ ఊడగానే రేకు నా చేతికి దక్కకుండా అవతలి పక్కకు దభాలున పడింది. మిషను ఆగింది. టైలరమ్మ బయటికి వచ్చి, రేకు వైపోసారి, నా వైపోసారి చూసింది.

"మానవుడు అజ్ఞాని కదమ్మా..." అని మొదలుపెట్టాను. "మాయ కమ్మినప్పుడు..."

"నాకు రేపటికల్లా ఆరు చొక్కాలు ఇవ్వాలండీ. మానవుడి సంగతి తర్వాత చూద్దాం. మీ సంగతి చెప్పండి."

వల్లించుకున్నదంతా ఎటో పోయింది.

"తప్పు నాదమ్మా. నువ్వు కోస్తేనే ఆ మొక్కలు పూసేవి. నిన్ను దొంగ అన్నట్టు మాట్లాడాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఆవిడ గోడ దగ్గరికి వచ్చింది. నా భుజం మీదుగా మా వంటింటి కిటికీ వైపు చూసి గొంతెత్తింది.

"వదినా! మీ ఆయన ఏదో అంటున్నారు. మిషను చప్పుడుకి నా చెవులు పోయాయి, సరిగ్గా వినపడి చావదు. ఇంకోసారి చెప్పమను!"

నా భార్య తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చి గోడ పక్కన నిలబడింది.

"చెప్పండి" అంది. "నేనూ వింటాను."

ఈసారి వీధి చివరిదాకా వినపడేలా చెప్పాను.