నా బదులు చెప్పిన మాట

అంబలి కాచేటప్పుడు గరిటె ఆపకూడదు. ఆగితే చోడిపిండి, అదే రాగిపిండి, ఉండలు కట్టేస్తుంది. ఆ ఉండలు మా అత్తమ్మ గొంతుకి అడ్డం పడతాయి. పక్షవాతం వచ్చి ఆవిడ కుడిచెయ్యి పడిపోయిన దగ్గర్నుంచీ పొద్దుటి అంబలి, రాత్రి అన్నం నేనే తినిపిస్తున్నాను. ఆ రోజూ గరిటె తిప్పుతూనే ఉన్నాను. వరండాలో కూర్చుని షూ లేసు కట్టుకుంటున్న మావారు సత్యరాజు, ఎండ గురించి అన్నట్టు మామూలుగా అన్నాడు:

"ఆ హెడ్డు గొడవ మనకెందుకే జ్ఞానం? ఇవేళ మీటింగులో నవ్వుతా ఒద్దని సెప్పీ. అయిపోద్ది."

గరిటె ఆగింది.

ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. యూనివర్సిటీలో నేను వృక్షశాస్త్రం ప్రొఫెసర్ని. శాఖాధిపతి పదవి సీనియారిటీ ప్రకారం వంతులవారీగా వస్తుంది. ఈసారి వంతు నాది. కావాలని ఎంత ఉందంటే, పైకి అంటే ఎవరైనా నవ్వేస్తారేమోనని చిన్నపిల్లలా గుప్పిట్లో దాచుకున్నాను.

"మీకెవరు చెప్పేరు?" అన్నాను.

"ఎవరో సెప్పేర్లే. పొయ్యి సూడు, అడుగంటుతంది."

బండి స్టార్ట్ చేసుకుని చీడికాడ వెళ్ళిపోయాడు. అక్కడి హైస్కూల్లో ఆయన హెడ్మాస్టరు. మొదటి స్పూను నోట్లో పెట్టగానే అత్తమ్మ మొహం చిట్లించింది.

"ఏటే, ఇన్ని ఉండలేటి? మనసెక్కడెట్టీసేవు?"

"పర్లేదత్తమ్మా, వడగట్టి తెస్తాను" అన్నాను.

చోడవరంలో యూనివర్సిటీకి వెళ్ళే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఆ 'పర్లేదు' గురించే ఆలోచించాను. ఆ మాట నేను అననే అనను. అదే వచ్చేస్తుంది. ఎవరైనా నా కాలు తొక్కితే నొప్పి తెలిసేలోపే నోరు 'పర్లేదండీ' అనేసి ఉంటుంది. నాకూ నా నోటికీ మధ్య ఎక్కడో ఒక మనిషి కూర్చుని ఉంది. మర్యాదస్తురాలు, అందరికీ ఇష్టురాలు. నేనింకా ఆలోచిస్తుండగానే ఆవిడ జవాబు చెప్పేసి వచ్చేస్తుంది. ఆవిణ్ణి చూసే చర్చిలో అందరూ 'సత్యరాజు గారి భార్య ఎంత నెమ్మదో' అంటారు. బస్సు సబ్బవరం దగ్గరికొస్తే సత్యరాజు ఎప్పుడూ అనే జోకు గుర్తొస్తుంది. "సబ్బవరం అవతలే నువ్వు ప్రొఫెసరువి. ఇటొచ్చేక మా అమ్మ కోడలివి." పెళ్ళిళ్ళలో చెప్పి నవ్విస్తాడు. నేనూ నవ్వుతాను. కానీ సబ్బవరం దాటాక ప్రొఫెసర్ని అయిపోతున్నానా అంటే, అదీ లేదు. నేను చెరకులో ఎర్రకుళ్ళు తెగులు మీద పనిచేస్తాను. రోలుగుంట రైతులు గడలు పట్టుకుని నా కోసమే వస్తారు. వాటిని చూడాల్సిన పెద్ద మైక్రోస్కోపు గది మాత్రం పగలంతా నాకన్నా జూనియరైన ఉదయ్‌కుమార్ విద్యార్థులది. మిగిలింది సాయంత్రం. సాయంత్రం ఐదు దాటాక ఆ తాళం ఆడవాళ్ళకి ఇవ్వకూడదని ఎవరో ఎప్పుడో అన్నారట. మన క్షేమం కోసమేనట. తాళం ఎవరికివ్వాలో చెప్పేది హెడ్డు. నాకు ఆ కుర్చీ కావాలనిపించింది ఆ తాళం కోసమే. ఇంతకీ సత్యరాజుకి ఎవరు చెప్పి ఉంటారు?

మీటింగులో మగవాళ్ళు ఐదుగురు, నేను, చివరి కుర్చీలో కాంట్రాక్టు మీద పనిచేసే దేవిశ్రీ. అటెండరు టీ ట్రే తెచ్చి తిన్నగా నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంతే. పెట్టాక అందివ్వకుండా ఎలా కూర్చుంటాం? లేచాను.

పదవి దిగిపోతున్న హెడ్డు వరాహ నరసింహం గారు గొంతు సవరించుకున్నారు. "పైనుంచి ఆర్డరొచ్చింది. సైన్సు శాఖల్లో ఆడవాళ్ళకి సమానావకాశాలు పెంచాలట. అందుకో కమిటీ. మన తరఫున జ్ఞానకుమారి గారు కాక ఇంకెవరుంటారు?"

చప్పట్లు కొట్టారు. నా చేతుల్లో కప్పులున్నాయి.

"ఇంక హెడ్‌షిప్. వంతు జ్ఞానకుమారి గారిదే. కానీ రోజూ చోడవరం నుంచి రావాలి, ఇంట్లో పెద్దావిడ మంచం మీదున్నారు. అందుకని ఉదయ్ తీసుకుంటాడు." నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "నిన్న సత్యరాజు గారికి ఫోన్ చేసేనమ్మా. మా ఆవిడ ఒద్దనే అంటాదండీ అన్నారు. నిన్ను ఇరకాటంలో పెట్టడం ఎందుకని ఆయన్నే అడిగేను."

ఆయన మొహంలో కుట్ర కోసం వెతికాను. లేదు. నిజంగా నాకు మేలు చేశాననే అనుకుంటున్నారు. నాకు భయం వేసింది అందుకే. మర్యాదస్తురాలు అప్పటికే లేచి నిలబడింది. 'పర్లేదండీ' నాలిక చివరిదాకా వచ్చింది. సత్యరాజు హెడ్మాస్టరైన రోజు గుర్తొచ్చింది. నన్నెవరూ ఫోన్ చేసి అడగలేదు. స్వీటు డబ్బా ఇంటికొచ్చాకే నాకు తెలిసింది.

"మేడమ్, నాది షుగర్ లేకుండా" అన్నాడు ఉదయ్‌కుమార్, కాగితాల్లోంచి తలెత్తకుండా చెయ్యి చాపి.

కప్పులు ట్రేలో పెట్టేశాను.

"ఉదయ్ వాళ్ళావిడకి ఫోన్ చేసేరా సార్?"

"ఏంటమ్మా?"

"ఆయన హెడ్డు అవుతున్నారు కదండీ. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. సాయంత్రాలు ఆలస్యం అవుతాది. వాళ్ళావిడ ఒప్పుకున్నారా అని."

ఎవరో నవ్వారు, జోకనుకుని.

"మధ్యలో మా ఆవిడేటండీ..." అంటూ ఉదయ్ తలెత్తాడు. ఆ మాట సగంలోనే ఆగిపోయింది. నవ్విన ఆయన కూడా ఆగిపోయాడు. దేవిశ్రీ మొదట్నుంచీ నవ్వలేదు.

"మావారు చెప్పింది ఆయన మాట" అన్నాను. గొంతు వణికింది. వణకనిచ్చాను. "నేను ఒద్దనలేదండీ. నా వంతు నేను తీసుకుంటాను."

వరాహ నరసింహం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. మీ ఇష్టం మేడమ్" అన్నారు.

'అమ్మా' పోయి 'మేడమ్' వచ్చింది. గెలిచానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆ 'అమ్మా' పోయినందుకు బాధేసింది. ఇన్నేళ్ళూ నేను బతికింది ఆ పిలుపు కోసమేనా అని నామీద నాకే అసహ్యం వేసింది.

బయటికొస్తే కారిడార్లో దేవిశ్రీ నిలబడి ఉంది. "మేడమ్, మీరు హెడ్డయ్యేక సాయంత్రాలు తాళం ఇస్తారా? నా స్లైడ్లు పాడైపోతన్నాయండీ."

నేను హెడ్డయ్యేదాకా ఆగడం ఎందుకనిపించింది. క్లాసులయ్యాక హెడ్డు గదిలోకెళ్ళి మేకుకున్న తాళంచెవి తీశాను. ఎవరూ అడ్డుకోలేదు. ఎవరూ మాట్లాడనూ లేదు. రేపట్నుంచి ఈ మౌనంలోనే పనిచేయాలి.

దేవిశ్రీ మైక్రోస్కోపు మీదికి వంగింది. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. చోడవరంలో అత్తమ్మ గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది. ఆవిడ ఆకలి అబద్ధం కాదు. ఆ ఆకలిని మాత్రం నా ఒక్కదాని పేరునే రాసేశారు.

ఫోన్ మోగింది. సత్యరాజు. సంగతి తెలిసిపోయి ఉంటుంది. ఎత్తితే నాకన్నా ముందు ఎవరు మాట్లాడతారో నాకు తెలుసు. అందుకే అది మోగి మోగి ఆగేదాకా కూర్చున్నాను. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. లోపల ఆ మర్యాదస్తురాలు కంగారుగా పచార్లు చేసి చేసి, అలిసిపోయి ఎక్కడో కూలబడింది.

అప్పుడు నేనే చేశాను.

"ఏటే ఇది? ఏటి సేసేవక్కడ?"

"వచ్చేక చెప్తాను. ఇవేళ ఆలస్యం అవుతాది" అన్నాను. "అన్నం మెత్తగా పిసికి, చిన్నచిన్న ముద్దలు పెట్టండి. కంగారు పెడితే పొలమారుద్ది."



"నేనా?" అన్నాడు.

"మీ అమ్మే కదండీ."