ఎండలో పెట్టిన సెల్స్

"ఇకమీదట ఈ ఇంట్లో ఒక్క సెల్ కూడా చెత్తబుట్టలోకి పోవడానికి వీల్లేదు" అని టీ తాగుతూ తీర్మానించాడు భర్త. ముందురోజు టీవీలో ఆట మంచి పట్టు మీదుండగా రిమోట్ మొరాయించింది, అందుకని ఈ జ్ఞానోదయం. వేళ్లు ముడుస్తూ భార్యకి లెక్క కూడా ఆయనే చెప్పాడు. "అమ్మ బీపీ మిషన్‌కి నాలుగు, రిమోట్‌కి రెండు, గడియారానికి ఒకటి, నా మౌస్‌కి ఒకటి. ఎనిమిది. ఛార్జింగ్ పెట్టుకునేవి తీసుకో. ఛార్జర్ చవకది చాలు. ఆఫీసు నుంచి వస్తూ పట్టుకొచ్చెయ్."

ఆ ఇంట్లో ఏది ఆగినా సెల్స్ మార్చేది ఆమే. ఆఫీసులోనూ అంతే. రికార్డుల గదిలో పదకొండు మంది పనిచేస్తారు, గోడ గడియారం ఆగిందంటే పది తలలూ ఆమె వైపే తిరుగుతాయి. "మీకైతే చేయి తిరిగిన పని కదా మేడమ్" అంటూ హెడ్ క్లర్కు కుర్చీని ఆమె వైపు తోస్తాడు. ఎక్కేటప్పుడు కుర్చీ ఊగకుండా పట్టుకునే నాథుడు మాత్రం ఉండడు.

తీసేసిన సెల్స్‌ని ఆమె పారేయదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. వంటింటి కిటికీలో పోపుడబ్బా వెనక వాటిని వరుసగా ఎండబెడుతుంది. రెండు మూడు రోజులు ఎండ తగిలితే వాటిలో ఎక్కడో కాస్త ప్రాణం లేచొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం భర్త, అత్తగారు నిద్రపోయాక, అలాంటివి ఆరు ఏరుకుని, పెళ్లికి ముందు కొనుక్కున్న చిన్న కీబోర్డులో వేసి, వెనక వరండాలో కూర్చుంటుంది. అక్కడ ప్లగ్గు లేదు. హాల్లో ఉంది గానీ అది టీవీది. పావుగంట వాయించేసరికి స్వరం బొంగురుపోతుంది, ఆపైన మూగబోతుంది. ఆ పావుగంట కోసమే ఆమెకు వారం గడుస్తుంది. కొత్తవి వేసుకోవచ్చుగా అంటే, ఒకసారి వేసుకుంది. "ఆ టింగు టింగులకి కొత్త సెల్సా? దండగ" అన్నాడు భర్త. "ఇంటెడు చాకిరీ పెట్టుకుని నీకు పాటలెలా తోస్తాయమ్మా!" అని అత్తగారు మెచ్చుకున్నట్టే అంది. అప్పటినుంచీ ఆమె మళ్లీ కొత్తవి వేసుకోలేదు.

సాయంత్రం ఎలక్ట్రికల్ షాపులో అద్దాల బల్ల ముందు నిలబడ్డప్పుడు గానీ ఆమెకు అసలు విషయం తట్టలేదు. ఇక ఇంట్లో పాత సెల్స్ అనేవే ఉండవు. ఆగిపోయిన ప్రతిదీ ఛార్జింగ్‌లోకి వెళ్లి, తిరిగి దాని చోటికే వెళ్లిపోతుంది. కిటికీలో ఎండబెట్టడానికి ఏమీ మిగలదు. ఇన్నాళ్లూ తన సంతోషమంతా ఇంటివాళ్లు వాడి వదిలేసిన దాని మీదే నడిచిందా అనుకుంటే ఏడుపొచ్చింది. చెప్పుకుందామంటే ఎవరికి చెప్పాలో తెలియలేదు.

"వేటికమ్మా సెల్స్?" అనడిగాడు షాపాయన. ఆమె బీపీ మిషన్ నుంచి మౌస్ దాకా అప్పజెప్పింది.

"ఐతే ఎనిమిది. ఈ ఛార్జరు చవక, కానీ జతలుగానే ఎక్కిస్తుంది. ఒకటి ముందు నిండినా ఊరుకోదు. ఇదిగో, దీంట్లో ఎనిమిది పడతాయి, దేని లైటు దానిదే, నిండింది నిండినట్టు ఆగిపోతుంది. ఇంకేమైనా ఉన్నాయా?"

"కీబోర్డుంది" అంది. "పాటలు వాయించేది. దానికి ఆరు పడతాయి."

"ఎవరు వాయిస్తారు, పిల్లలా?"

"కాదు, నేను."

"ఐతే ఈ పెద్ద అంకె ఉన్నవి తీసుకోండి, ఎక్కువసేపు వస్తాయి. ఆ ఆరూ ఎప్పుడూ కలిపే ఛార్జ్ చేయండి, వేరే వాటితో కలపకండి" అని మామూలుగా చెప్పి ప్యాకెట్టు కట్టాడు. దండగ అనలేదు. నవ్వలేదు. ముక్కూమొహం తెలియని మనిషి ముందు ఆమె కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి బల్ల మీద పెట్టగానే భర్త లెక్కపెట్టాడు. "ఎనిమిదేగా చెప్పాను? పద్నాలుగున్నాయేంటి? సర్లే, మిగిలిన ఆరూ సొరుగులో పడెయ్, ఏదైనా ఆగితే పనికొస్తాయి."

"మిగిలినవి కావండీ. అవి నా కీబోర్డుకి."

గొడవవుతుందని దారి పొడుగునా జవాబులు పేర్చుకుంది. ఆయన గొడవ పడలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదింకా ఉందా మనింట్లో?" అన్నాడు.

తొమ్మిదేళ్ల ఆదివారాలు ఆమె కళ్ల ముందు తిరిగాయి. ఒక గోడ అవతలే కదా పడుకునేవాడు. ఆమె హాల్లోకి నడిచి, టీవీ ప్లగ్గు పీకి, ఆ చోట ఛార్జరు పెట్టింది. ఆరు లైట్లు వెలిగాయి.

"అయ్యో, సీరియల్ వస్తోందే!" అంది సోఫాలోంచి అత్తగారు.

"ఆరు గంటలు పడుతుందత్తయ్యా" అంది ఆమె. "అప్పటిదాకా ఎవరూ తీయకండి."