గురువారం తీసిన గడ్డం

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు జట్టు బస్సు డ్రైవరు గడ్డం లేకుండా సెలూన్‌లోకి వచ్చాడు.

లోపల నలుగురున్నారు. కుర్చీలో లెక్కల మాస్టారు, ఆయన వెనక సెలూన్ యజమాని, గోడవారన బెంచీ మీద పోస్ట్‌మాన్, కిటికీ పక్కన డ్రైవరు తండ్రి. నలుగురికీ గడ్డాలున్నాయి. డ్రైవరు గుమ్మంలో నిలబడగానే మాస్టారు చెబుతున్న లెక్క మధ్యలో ఆగింది.

సెలూన్ యజమానిని ఆ వీధిలో అందరూ కత్తెర అంటారు. డ్రైవరు అతని భార్యకు అన్న. పెళ్ళినాటి నుంచీ ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటున్నారు. కత్తెర కాపురం సెలూన్ పైనే. డ్రైవరు రోజూ పొద్దున తండ్రిని తెచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టి పనికి పోతాడు, సాయంత్రం వచ్చి ఇంటికి తీసుకెళ్తాడు. ఆ రోజు తండ్రిని గుమ్మం దాకా తెచ్చి లోపలికి రాకుండానే పోయాడు గాని, ఆయన కంటి చుక్కల మందు తన జేబులోనే ఉండిపోతే ఇచ్చి పోదామని వెనక్కి వచ్చాడు.

గడ్డాల సంగతి చలికాలంలో మొదలైంది. అప్పటికి ఊరి ఫుట్‌బాల్ జట్టు లీగ్ పట్టికలో అట్టడుగున ఉంది. లీగ్ ముగిసేసరికి మొదటి ఆరు స్థానాల్లో ఉన్న జట్లే ప్లేఆఫ్ ఆడతాయి. ఈ జట్టు ప్లేఆఫ్ ముఖం ఎన్నడూ చూడలేదు. మరో మ్యాచ్ ఓడిన సాయంత్రం ఈ డ్రైవరే ఇదే కుర్చీలో కూర్చుని, ముఖానికి నురగ పూసిన తర్వాత, తువ్వాలు లాక్కుని తుడిచేసుకున్నాడు.

"ప్లేఆఫ్‌కి చేరేదాకా గీయించుకోను బావా," అన్నాడు.

మిగతావాళ్ళూ సరేనన్నారు. కత్తెర ఒక షరతు పెట్టాడు. నమ్మకం పోయినవాడు ఎప్పుడైనా వచ్చి కుర్చీలో కూర్చోవచ్చు. తను కారణం అడగడు, గీసి పంపిస్తాడు. కానీ గీయించుకుంటే ఇక్కడే గీయించుకోవాలి.

గడ్డాలు పెరిగిన కొద్దీ జట్టు పైకి పాకింది. వీధి కుక్కలు పోస్ట్‌మాన్‌ని పోల్చుకోలేక మళ్ళీ కొత్తగా మొరగడం మొదలుపెట్టాయి. మాస్టారిని హెడ్‌మాస్టరు గదిలోకి పిలిచి, ఇంట్లో అందరూ క్షేమమేనా అని అడిగాడు. పెద్దాయన పాలు తాగితే సగం గడ్డమే తాగేస్తోందని కూతురు గోలపెట్టింది. ఎవరూ లొంగలేదు.

"ఎవరండీ తమరు?" అన్నాడు పోస్ట్‌మాన్ డ్రైవరుతో. "మా పేటకి కొత్తగా దిగారా? చిరునామా చెప్తే రేపట్నుంచి ఉత్తరాలు తెచ్చిస్తా."

"ఊరుకో."

"ఎక్కడ?" అన్నాడు కత్తెర.

"మూలమీద కొత్త షాపు లేదూ, అక్కడ. నిన్న సాయంత్రం."

"కుడి చెవి కింద వదిలేశాడు. చూసుకున్నావా?"

డ్రైవరు చెవి కింద తడుముకున్నాడు. అద్దంలోకి చూడలేదు. సెలూన్‌లో మాటలన్నీ అద్దంలోనే నడుస్తాయి. కుర్చీలో కూర్చున్నవాడూ, వెనక నిలబడ్డవాడూ, బెంచీ మీదవాడూ ఒకరినొకరు అద్దంలోనే చూసుకుంటారు. డ్రైవరు అద్దానికి అందకుండా గుమ్మం పక్కకు జరిగాడు.

"ఆఫీసు ఆర్డరు బావా. రేపు టీవీవాళ్ళు బస్సు దగ్గర వీడియో తీస్తారంట. డ్రైవరు నీటుగా ఉండాలంట."

"నా దగ్గరకి రావచ్చుగా."

"నువ్వు గీసేవాడివా?"

"గీసేవాణ్ణే. కారణం అడగనని అప్పుడే చెప్పాగా."

కిటికీ దగ్గర పెద్దాయన తల తిప్పాడు. "తీసేశావంట్రా?"

"ఆర్డరు నాన్నా."

"ఆర్డరైతే ఏం చేస్తాంలే," అన్నాడు పెద్దాయన. అంతటితో వదిలేశాడు.

పెద్దాయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ జట్టు స్టేడియంలో గడ్డి కోశాడు, సున్నంతో గీతలు వేశాడు. అన్ని రకాల మ్యాచ్‌లకూ వేశాడు గాని ప్లేఆఫ్‌కి ఒక్క గీతా వేయలేదు. ఇప్పుడు ఆయనకు ముఖాలు తెలియవు. రంగులు తెలుస్తాయి, కదలిక తెలుస్తుంది. వచ్చే సీజన్‌కి అవీ తెలియవని కళ్ళ డాక్టరు చెప్పాడు. ఈ మధ్యే కంటికి ఆపరేషన్ అయింది. గాలీ దుమ్మూ తగలకూడదు. బతిమాలితే డాక్టరు ఒక్క మ్యాచ్‌కి ఒప్పుకున్నాడు. "ఒక్కటంటే ఒక్కటి," అన్నాడు.

ఆ ఒక్కటీ ఏదన్న మాట బుధవారం వచ్చింది. లీగ్‌లో సొంత మైదానంలో ఆడే ఆఖరి మ్యాచ్ ఆ సాయంత్రమే. పక్కనున్న మందుల షాపు నుంచి కత్తెర చక్రాల కుర్చీ అడిగి తెచ్చి, దాని కీళ్ళకు నూనె వేసి పెట్టాడు. డ్రైవరు వద్దన్నాడు.

"మబ్బు పట్టింది బావా. ఉన్నది ఒక్క ఛాన్సు. ఇంకో వారం ఆగితే ప్లేఆఫే చూస్తాడు. దీనికెందుకు ఖర్చు చేయడం?"

కత్తెరకు అది సబబుగానే తోచింది. పెద్దాయన మాత్రం, "ఇవాళ పోతే ఏంరా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత కొడుకు మాటకే తలూపాడు. వాన పడలేదు. జట్టు గెలిచింది. కెప్టెన్ గోల్ వేశాడు. ఆట అయ్యాక అతను మైదానం చుట్టూ నడుస్తూ ప్రతి స్టాండు ముందూ ఆగి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. స్టాండులో ఉన్న కత్తెర అది ప్లేఆఫ్‌కి చేరువైన ఆనందమనుకుని అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ బొంగురు గొంతుతోనే అడిగాడు.

"బావా, రేపు అందరూ ఆడుతున్నారు కదా?"

"ఆడక?"

"కెప్టెన్?"

"వాళ్ళని బస్సెక్కించేది నేనా నువ్వా? నేను చెప్తున్నా కదా. అందరూ ఆడతారు."

డ్రైవరు మందు సీసా కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మాస్టారు లెక్క మళ్ళీ మొదలుపెట్టాడు.

"మనం ఆరో స్థానంలో ఉన్నాం. రేపు డ్రా చేస్తే చాలు. ఓడినా, ఏడో జట్టు గెలవకపోతే చాలు."

"మనవాళ్ళు పడుకుని నిద్రపోయినా పాసే అన్నట్టు చెప్తున్నారే," అన్నాడు పోస్ట్‌మాన్.

"నిద్రపోతే కుదరదు. కనీసం నిలబడాలి."

"అదే మాస్టారూ నా భయం. నిలబడమంటే మన డిఫెండర్లు నిజంగా నిలబడిపోతారు. బంతి పోతూ ఉంటుంది, వీళ్ళు నిలబడి దారి చూపిస్తూ ఉంటారు."

"వెనక గోల్‌కీపర్ ఉన్నాడుగా. ఈ సీజన్ మనల్ని మోసుకొచ్చింది వాడే."

"కీపరు ఉన్నాడు, కెప్టెన్ ఉన్నాడు, ఎడమవైపు ఆ పొట్టోడున్నాడు," అన్నాడు కత్తెర. "ముగ్గురు చాలు. మిగతావాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని చూసినా ఫరవాలేదు. మామయ్యా, ఆదివారం నాడు మొదట తీసేది నీ గడ్డమే. ప్లేఆఫ్‌కి పెళ్ళికొడుకులా తీసుకెళ్తాను."

"నన్ను గీత పక్కన కూర్చోబెట్టు," అన్నాడు పెద్దాయన. "తెల్లగా ఉంటుంది, తెలుస్తుంది. మన ఎర్ర చొక్కాలు దాన్ని దాటి వస్తుంటే చూడాలి."

"గేటు దగ్గరున్నవాడు నీ శిష్యుడేగా. ఎక్కడంటే అక్కడ కూర్చోబెడతాడు."

శనివారం మ్యాచ్ పరాయి మైదానంలో. సెలూన్‌లో టీవీ పెట్టుకున్నారు. ఆటకు ముందు తెర మీద పేర్లు వచ్చాయి. కెప్టెన్ పేరు లేదు. గోల్‌కీపర్ పేరు లేదు. ఎడమవైపు పొట్టివాడి పేరూ లేదు. ముగ్గురికీ గాయాలని వ్యాఖ్యాత చెప్పాడు.

"ఒకేసారి ముగ్గురికీనా?" అన్నాడు మాస్టారు. "బుధవారం గుర్రాల్లా ఉరికారు కదా."

"బస్సులో ఒకరి మీద ఒకరు పడుంటారు," అన్నాడు పోస్ట్‌మాన్. ఎవరూ నవ్వలేదు. కత్తెర డ్రైవరుకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు.

జట్టు మూడు గోల్స్ తేడాతో ఓడింది. ఏడో జట్టు గెలిచింది. మాస్టారు వేసిన లెక్కల్లో ప్లేఆఫ్ చేజారే దారి ఈ ఒక్కటే.

ఆదివారం ఉదయం డ్రైవరు తండ్రిని చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. వెళ్ళబోతుంటే పోస్ట్‌మాన్ అడ్డం నిలబడ్డాడు.

"డ్రైవరన్నా, నీ గడ్డం కొంప ముంచింది. చలికాలం నుంచి పెంచాం. ఒక్కరోజు, ఇంకొక్క రోజు ఆగలేకపోయావు."

డ్రైవరు ఆ మాట తోసిపారేస్తాడనుకున్నాడు కత్తెర. ఇలాంటి మాట పడితే డ్రైవరు ఊరుకునే రకం కాదు. మాటకు మాట అప్పజెప్పి గాని కదలడు.

"అవునులే," అన్నాడు డ్రైవరు. "నాదే తప్పు. నా గడ్డం వల్లే ఓడాం. తిట్టండి."

పోస్ట్‌మాన్ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. మాస్టారు టీవీ వార్తలు పెట్టాడు. క్రీడావార్తలు వచ్చాయి. ముగ్గురు ఆటగాళ్ళనూ జట్టు అమ్మేసింది. కొన్న జట్టు వాళ్ళకు ఆస్పత్రిలో పరీక్షలు చేయించింది. దెబ్బలు తగలకుండా శనివారం ఆడించవద్దని షరతు పెట్టింది. ఆస్పత్రి ముందు మంగళవారం ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో అంటూ ఒకటి చూపించారు. వ్యాన్ వచ్చి ఆగింది. కెప్టెన్ దిగాడు, గోల్‌కీపర్ దిగాడు, పొట్టివాడు దిగాడు. కిటికీ అద్దం దించి ఉన్న డ్రైవరు సీటు తెర మీద కాసేపు నిలిచింది.

కత్తెర తన బావ గడ్డాన్ని చలికాలం నుంచీ చూస్తున్నాడు. ఎడమ దవడ మీద పాయ దువ్వెనకు లొంగదు, పైకి తిరుగుతుంది. తెర మీదా పైకే తిరిగి ఉంది.

మాస్టారు టీవీ ఆపేశాడు.

"ఏమైంది?" అన్నాడు పెద్దాయన. "వ్యాన్ వచ్చింది, ముగ్గురు దిగారు. తర్వాత?"

"అంతే మామయ్యా."

"బండి ఎవరు నడిపారు?"

కత్తెర తన కత్తెర తీసుకుని గుడ్డతో తుడవసాగాడు.

"వాడికి గడ్డం ఉందా?"

"ఉంది," అన్నాడు పోస్ట్‌మాన్. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

పెద్దాయన గుమ్మం వైపు తిరిగాడు. కొడుకు నీలం చొక్కా అక్కడే ఉందని ఆయనకు తెలుస్తోంది.

"మంగళవారం తీసుకెళ్ళావా?"

"తీసుకెళ్ళాను నాన్నా."

"శనివారం ఆడరని నీకు తెలుసా?"

"వ్యాన్‌లో వాళ్ళే మాట్లాడుకున్నారు. సొంత మైదానంలో బుధవారమే ఆఖరని. బయటికి పొక్కితే ఉద్యోగం పోతుందని మేనేజరు చెప్పాడు."

కత్తెర తన చేతిలోని కత్తెరను కింద పెట్టాడు. "ఉద్యోగం సంగతి నాకూ తెలుసు బావా. చెప్పకపోతే చెప్పకపో. శుక్రవారం నేనడిగితే అందరూ ఆడతారన్నావే?"

"అడిగావు కాబట్టి అన్నాను. అడగకుండా ఉంటే అనేవాణ్ణి కాదు."

"సరే, అదీ పోనీ. బుధవారం?"

డ్రైవరు నేల చూశాడు.

"కుర్చీ తెచ్చిపెట్టాను," అన్నాడు కత్తెర. "నూనె కూడా వేశాను. మామయ్య రెండుసార్లు అడిగాడు. మబ్బు పట్టిందన్నావు. ఆ ముగ్గురూ లేకుండా ప్లేఆఫ్ లేదని అప్పటికే నీకు తెలుసు."

"బుధవారమే సరేనంటే, ప్లేఆఫ్ దాకా ఎందుకు ఆగకూడదని అడిగేవాడివి బావా. నీ ముందు అబద్ధం నిలవదు. ప్లేఆఫ్‌కి తీసుకెళ్దామనడం తేలిక, అందరూ అంటున్నదే కదా. అని ఇంటికెళ్ళాక రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు అద్దంలో ఆ గడ్డం చూసుకోలేకపోయాను. నీ కుర్చీలో కూర్చుంటే నువ్వు అడగవు. అడగకపోయినా చెప్పేసేవాణ్ణి. అందుకే ఆ మూల షాపుకి పోయాను."

"బుధవారం కెప్టెన్ గోల్ వేశాడంట కదా," అన్నాడు పెద్దాయన.

"వేశాడు మామయ్యా."

"ఏ వైపు?"

"తూర్పు గోల్‌లో. గీత దగ్గర్నుంచే."

పెద్దాయన లేచి, గోడ పట్టుకుని నడిచి, కుర్చీ వీపు తడిమి కూర్చున్నాడు.

"తీసెయ్," అన్నాడు.

కత్తెర కారణం అడగలేదు. ముందు కత్తెరతో గడ్డం తగ్గించాడు. వేడినీళ్ళ గుడ్డ వేశాడు. నురగ పూశాడు. డ్రైవరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అయ్యాక పెద్దాయన చెంపలు రెండూ తడిమి చూసుకున్నాడు.

"పద నాన్నా, ఇంటికెళ్దాం," అన్నాడు డ్రైవరు.

"నన్ను పైకి ఎక్కించు," అన్నాడు పెద్దాయన కత్తెరతో. "అమ్మాయి దగ్గరుంటాను."

కత్తెర ఆయన్ని భుజం పట్టి మెట్లెక్కించాడు. డ్రైవరు కంటి చుక్కల సీసా పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. కాసేపటికి చెల్లెలు దిగివచ్చింది. సీసా తీసుకుంది. "వదినకి చెప్పు, నాన్న బట్టలు సర్ది ఉంచమని. మా ఆయన వచ్చి తెస్తారు," అని పైకి వెళ్ళింది.

మధ్యాహ్నం లోపు మాస్టారూ, పోస్ట్‌మానూ ఒకరి తర్వాత ఒకరు కుర్చీలో కూర్చుని లేచారు. కత్తెర తన గడ్డం తనే గీసుకున్నాడు. నేల ఊడ్చాడు.

సాయంత్రం చక్రాల కుర్చీని మందుల షాపులో తిరిగి ఇచ్చేశాడు. తెచ్చినప్పటినుంచి అందులో ఎవరూ కూర్చోలేదు.