అయ్యగారు పాడుకున్న బియ్యం

కోత పండుగంటే మా సంఘంలో క్రిస్మసుకన్నా ఎక్కువ సందడి. ఈ ఏడు మాత్రం మందిరం ఊడుస్తున్నంతసేపూ నాకు ఒళ్ళు మండిపోయింది. మా పాస్టరు సమాధానం గారు క్రిస్మసుకు ముందు గుండెపోటుతో పోయారు. కోత పండుగ మర్నాటికల్లా పాస్టరు ఇల్లు ఖాళీ చేయమని ఆయన భార్య ఎలిశబెతమ్మ గారికి మిషను ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆమెకు పిల్లల్లేరు, సొంత ఇల్లు లేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆఫీసు ఏ ఊరికి పంపితే ఆ ఊరి పాస్టరు ఇంట్లోనే ఆమె కాపురం.

మా మిషను పద్ధతి చెబితే గానీ నా కోపం అర్థం కాదు. ఆదివారం కానుకలన్నీ నెల్లూరు ఆఫీసుకు పోతాయి. అక్కడి నుంచి పాస్టర్లకు జీతాలు వస్తాయి. పెద్ద సంఘమైనా చిన్న సంఘమైనా జీతం ఒకటే. విడవలూరు దాటి సముద్రం వైపున్న మాలాంటి కూలీల ఊరికి పాస్టరు దొరికాడంటే ఆ పద్ధతి వల్లనే. అది మంచిదే, కాదనను. కానీ మందిరం, పాస్టరు ఇల్లు, వాటి కింద నేల అన్నీ మిషను పేరు మీదే ఉంటాయి. ఆ ఇంటికి ఇసుక మోసింది మేము, గోడలు తడిపింది మేము. అందులో ఎవరుండాలో చెప్పేది మాత్రం ఆ గడప ఎన్నడూ తొక్కనివాళ్ళు. బతికున్న పాస్టరు గురించి వాళ్ళ రూల్సులో అన్నీ ఉన్నాయి. పాస్టరు పోతే భార్య ఎక్కడ తల దాచుకోవాలో ఒక్క ముక్క లేదు.

మేము ఊరికే కూర్చోలేదు. మందిరం వెనక ఖాళీ జాగాలో ఆమెకొక గది వేస్తాం, ఖర్చంతా మేమే పెట్టుకుంటాం అని మా సంఘపెద్ద ముత్యాలయ్యతో అడిగించాం. మిషను స్థలంలో బయటి మనుషులు ఉండకూడదన్నారు. మా పిల్లలకు వాక్యం, అక్షరాలు, ఆఖరికి జడ వేసుకోవడం కూడా నేర్పిన మనిషి వాళ్ళకు బయటి మనిషయింది. కొత్త పాస్టరుగా వచ్చిన హెబ్రోను ఒంటిగాడు. తనకు వసారా చాలు, అమ్మగారిని ఇంట్లోనే ఉండనివ్వమని అతనూ బతిమాలాడు. నీకెందుకయ్యా ఈ గొడవ అని అతని నోరు మూయించారు.

పండుగకు మిషను అధ్యక్షులు కిషోర్ బాబు గారు కారులో వచ్చారు. వాక్యం బాగానే చెప్పారు, అబద్ధమెందుకు. విధవరాండ్రను ఆదరించాలని చెబుతూ ఎలిశబెతమ్మ గారిని ముందుకు పిలిచి శాలువా కప్పారు. ఆమె తల వంచుకుని కప్పించుకుంది, వంచిన తల ఎత్తకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. నేను లేచి బయటికిపోయి చెంబెడు నీళ్ళు తాగి వచ్చాను. లేకపోతే అక్కడే ఏదో ఒకటి అనేసేదాన్ని.

ఆరాధన అయ్యాక వేలంపాట. వడ్లు, గుమ్మడికాయలు, నిమ్మకాయలు, కోళ్ళు, ఎవరికి కలిగింది వాళ్ళు దేవుడికి తెస్తారు. పాడుకున్నవాళ్ళు ఇళ్ళకు తీసుకుపోతారు. ఆఖరున పాడేది పిడికెడు బియ్యం మూట. ఎసట్లో పోసేముందు ప్రతి ఇంటి ఆడమనిషీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆదివారం మందిరానికి తెస్తుంది. పాస్టరు ఇంట్లో ఉడికేవి ఆ బియ్యమే. పండుగనాటి మూటను మాత్రం పాడుకున్నవాళ్ళు తమ ఇంటికి తీసుకుపోరు. తామే మోసుకెళ్ళి పాస్టరు వంటింట్లో దించి రావాలి. అది మా ఆచారం. దానికోసం ఏటా పోటీలు పడి పాడేవాళ్ళం.

ఈసారి ముత్యాలయ్య మూట చూపిస్తే ఎవరూ నోరు తెరవలేదు. రేపు ఇల్లు వదలబోయే మనిషి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని దాన్ని మోసుకుపోతాం?

కిషోర్ బాబు గారికి మా ఆచారం తెలియదు. జనం బెట్టు చేస్తున్నారనుకుని, నవ్వుతూ తానే పాట మొదలుపెట్టారు.

“పాడండమ్మా, ఇంత మంచి బియ్యం నాకు వదిలేస్తారా?” అన్నారు.

ఒక్కరూ పై పాట పాడలేదు. ముత్యాలయ్య ఏం చేయమంటావన్నట్టు నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. మేము వల పన్నలేదు. ఆయనంతట ఆయన వచ్చి పడితే తప్పించే పని కూడా నాదేనని నేననుకోలేదు. ముత్యాలయ్య మూడుసార్లు అడిగి పాట ఆయన పేరునే కొట్టేశాడు.

“డ్రైవరును పిలవండి, డిక్కీలో పెడతాడు” అన్నారు ఆయన.

“డిక్కీలోకి కాదయ్యగారూ” అన్నాను లేచి. “అది పాస్టరుగారింటికి పోవాల. పాడుకున్నోళ్ళే మొయ్యాల. మాకాడ ఆచారం అట్టనే.”

ఆయన ముత్యాలయ్యను చూశారు. ముత్యాలయ్య తలూపాడు. అంతమంది చూస్తుంటే ఇక తప్పలేదు. మూటను రొమ్ముకు హత్తుకుని ఆవరణ దాటారు. సంఘమంతా వెనకే నడిచాం.

వంటింట్లో గిన్నెలన్నీ గోనెసంచిలో కట్టి ఉన్నాయి. బియ్యం డబ్బా కడిగి బోర్లించి ఉంది.

“ఎక్కడ దించమంటారమ్మా?” అన్నారు ఆయన ఆయాసపడుతూ.

ఎలిశబెతమ్మ గారి గొంతులో కోపం లేదు. “మీరే చెప్పాలయ్యా. రేపు నేను యాడుంటానో నాకే తెలవదు. తెలిస్తే ఆడ దించమని చెప్తాను.”

ఆయన మొహమంతా చెమట. ఉండమ్మా, ఇక్కడే ఉండు అని ఒక్క మాట అంటారేమోనని నేను నిజంగా ఆశపడ్డాను. అంటే ఆయన కాళ్ళకు దండం పెట్టేదాన్ని.

“కమిటీలో మాట్లాడతానమ్మా” అన్నారు. మూట గచ్చు మీద దించి, భోజనానికి కూడా ఆగకుండా కారెక్కారు.

కోపానికి నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, తెల్లారితే ఈమె ఎక్కడ కూర్చోవాలో. గదిలోకి పోయి ఆమె మంచం ఒక కొస పట్టుకున్నాను.

“యాడికి మే వినీలా?” అంది ఆమె.

“మందిరంలోకమ్మా.”

“మందిరంలో కాపురముంటారా ఎవురన్నా?”

“అది దేవుడి ఇల్లని మాకు చెప్పింది మీరే గదమ్మా. ఆయన వద్దంటే అప్పుడు చూద్దాం.”

టేకు మంచం, నా ఒక్కదాని వల్ల కాలేదు. రెండో కొస హెబ్రోను వచ్చి పట్టుకున్నాడు.

“మీ ఉద్యోగం పోతాది అయ్యగారూ” అన్నాను.

“పోతే నేనూ అక్కడే పడుకుంటాలే అక్కా, ఎత్తు” అన్నాడు.

మందిరంలో కిటికీ గాలి తగిలేచోట మంచం వేశాం. మర్నాడు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, ఇల్లు ఖాళీ అయిందా అని. అయిందని చెప్పాడు హెబ్రోను. సరేనని పెట్టేశారు. అమ్మగారు ఎక్కడికి వెళ్ళిందని అటువైపు నుంచి ఎవరూ అడగలేదు.