సత్యవేణి కూత

నేను ఒక ఇత్తడి ఈలను. ఉత్తరాది కార్ఖానాలో అచ్చులోంచి ఊడిపడి, కాకినాడ దుకాణంలో గాజు అలమరాలో రెండేళ్ళు గిరాకీ కోసం చూశాను. మొదట కొన్నది ఒక బస్సు కండక్టరు. ఒక్క ఊదుకు అరవై మంది ఉన్న బండి కదిలేది. ఎవరూ తిట్టలేదు. రిటైరయ్యాక ఆయన నన్ను తమ్ముడు వెంకటరత్నానికి ఇచ్చేశాడు. ఈయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, సెలవుల్లో కబడ్డీ రిఫరీ. అదే ఇత్తడి, అదే మోత. కానీ కోర్టులో నేను మోగినప్పుడల్లా సగం జనం చప్పట్లు కొట్టేవారు, సగం జనం మాస్టారి వంశాన్ని తవ్వేవారు. మనుషులు న్యాయమే అడుగుతారు గాని, తమవైపు మొగ్గితేనే పుచ్చుకుంటారు.

లంకపాలెం ఫైనల్ ఒక్కటే నా లెక్కలో ఇమడలేదు. లంకపాలెం, గోగులపాడు ఆడపిల్లల పోటీ అది. గెలిచిన జట్టే జిల్లాకు వెళ్తుంది. రొయ్యలు వలిచే షెడ్డు ఆడవాళ్ళు పని మానుకొని, మోగించడానికి పళ్ళేలు పట్టుకొచ్చి కోర్టు అంచున కూర్చున్నారు. అందరిలోకీ పెద్ద గొంతు నూకాలుది. ఆమె కూతురు సత్యవేణి లంకపాలెం కెప్టెన్. గోగులపాడు మాస్టారి అత్తవారి ఊరని అక్కడ తెలియనివారు లేరు.

స్కోరు సమానం. చివరి కూత సత్యవేణిది. ఒక్క ఊపిరిలో కబడ్డీ కబడ్డీ అంటూ వెళ్ళి, గోగులపాడు కెప్టెన్ అనూరాధ భుజం తాకింది. ఆనవాయితీ ప్రకారం అనూరాధ చెయ్యెత్తి తనంతట తానే బయటికి నడిచింది. షెడ్డు జనం కేకలు, పళ్ళేల మోత. సత్యవేణి మధ్యగీత చేరకముందే మాస్టారు నన్ను ఊదారు.

"కూత ఆగింది. అవుట్."

"ఏవండీ మాస్టారూ, చెవుల్లో రొయ్యమీసాలు మొలిచాయేంటండీ?" అంది నూకాలు.

"అత్తారూరికి పాయింటిచ్చి కొత్తబట్టలు తెచ్చుకుంటారే," అంది పక్కావిడ.

షెడ్డు ఆడవాళ్ళు నలభై మంది వచ్చి మధ్యగీత మీద బాసింపట్టు వేశారు.

నాలోకి వచ్చే ఊపిరి ఎలాంటిదో నాకు తెలుసు. అందులో పక్షపాతం లేదు. మాస్టారికి కూత నిజంగానే వినపడలేదు.

అనూరాధ వాళ్ళ దగ్గరికి వచ్చింది. "నన్ను తాకింది నిజమే పిన్నీ. కూత మాత్రం నాకూ వినబళ్ళేదు. మీరలా అరుత్తుంటే ఎవరికి వినబడుద్ది?"

నూకాలు గీత మీంచి లేచి, పక్కవాళ్ళనూ లేపింది. "అయితే ఇంకోసారి ఎళ్ళనియ్యండి మాస్టారూ. మేం నోరెత్తం," అంది. అనూరాధ తలూపింది. మాస్టారూ సరేనన్నారు.

కామెంటరీ చెప్పే మైకు ఆపేశారు. రెండు ఊళ్ళ జనం ఊపిరి బిగబట్టారు. మనుషులను ఆపడమే నా వృత్తి. అయినా, నన్ను ఊదకుండా అంతమంది అంత నిశ్శబ్దంగా ఉండగలరని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ నిశ్శబ్దంలో ఒక్క పిల్ల కూత, నీళ్ళలోంచి లాగుతున్న వల తాడులా బిగువుగా సాగింది. సత్యవేణి ఈసారి ఇద్దరిని తాకింది. వెనక్కి తిరిగింది. గీతకు ఒక్క అడుగు దూరంలో కూత తెగింది. రెప్పపాటే. మళ్ళీ అందుకొని గీత దాటింది.

మాస్టారి పెదవులు నా మీద బిగుసుకున్నాయి. అందరూ విన్నారు.

"ఆగింది మాస్టారూ," అంది నూకాలు. ఆమెకు అంత చిన్న గొంతు కూడా ఉందని ఆ ఊరికే తెలియదు.

ఆ ఒక్క పాయింటుతో గోగులపాడు గెలిచింది. సత్యవేణి గీత దగ్గర కూలబడింది. అనూరాధ వెళ్ళి చెయ్యి అందించింది. నేను మాస్టారి పెదవుల మధ్య తడిగా అలాగే ఉండిపోయాను. ఆట ముగిసిందని చెప్పడానికి కూడా ఆయన నన్ను ఊదలేదు.