పనసపెట్టెలోని పచ్చపలక

వర్షర్తువు తన నీలిమేఘముల మూటలను గట్టుకొని కొండల కావలికి వెడలిపోవుచుండ, వానకడిగిన యాకసమునుండి శరత్కాలపు లేయెండ పసుపునీరువలె జాలువారుచుండ, బొబ్బిలి పట్టణపు శివారున వీణలు చెక్కు సింహాచలాచారిగారి పెరటిలో ఆరవేసిన పనసదుంగల కోతముఖములు బంగారు పళ్ళెరములవలె మెఱయుచుండ, వానినుండి రాలిన పొట్టును కోడిపిల్లలు కాళ్ళతో గెలకి పురుగులు దొరకక నిరాశపడుచున్న యొక భాద్రపదపు ప్రాతఃకాలమున, ఆ యింటి వంటయింటిలో ఇంగువడబ్బీ కొఱకై యొక కలహము బయలుదేరెను.

"డబ్బీ యేదే కోడలా? పులుసు మరుగుచున్నది, పోపు మాడుచున్నది, ఇంగువ చూడబోయిన కాగితపు పొట్లములో నున్నది. డబ్బీకి కాళ్ళు వచ్చినవా?" అని గృహిణి నూకరత్నమ్మ గరిటె పట్టుకొనియే ప్రశ్నించెను.

"పొట్లములో నున్నను ఇంగువ ఇంగువయే గదా అత్తయ్యా" అని కోడలు నీలవేణి తలయెత్తకయే బదులు పలికెను.

"ఔనౌను. నిన్ను మంచముమీదనుండి లేపి గోనెసంచిలో పరుండబెట్టినను నీవు నీలవేణివే. నిద్ర పట్టునా?"

నీలవేణి నవ్వాపుకొనలేక చావడిలోని టీవీవైపు చేయి చూపెను. అచ్చట మూతకు రంధ్రము పడి, ఆ రంధ్రమునుండి మూడు తీగలు వ్రేలాడుచు, ఇరువదియేండ్ల యింగువను మోసిన యా రేకుడబ్బీ టీవీ ప్రక్కన నొదిగి కూర్చుండెను. దానిని చూచినంతనే నూకరత్నమ్మకు మఱియొక వ్యథ జ్ఞప్తికి వచ్చినది.

"నిన్న సాయంకాలము నా సీరియలులో ఆ పిల్ల విషము త్రాగబోవు సమయమున నీ గీతలు వచ్చి తెరమీద బడినవి. త్రాగినదో లేదో యీ క్షణమువఱకు నాకు దెలియదు."

"త్రాగలేదత్తయ్యా. రేపును త్రాగదు."

పెరటిపాకలోనుండి మామగారి గొంతు వినవచ్చెను. "మీ యిరువురి శ్రుతి కలుపుటకు నన్ను రమ్మందురా యేమి?"

ఆ డబ్బీలో నున్నది అరచేతి వెడల్పుగల యొక పచ్చని పలక. పాలిటెక్నికు చదివిన నీలవేణి తమ్ముడు తనకు కొత్తది వచ్చినందున పాతదానిని అక్కకు ఇచ్చిపోయెను. చూచుటకు పలకయే గాని లెక్కించు మెదడును జ్ఞాపకముంచుకొను గదియు బయటిమాట వినుటకు ద్వారములును అన్నియు నా యొక్క పలకమీదనే యిమిడియుండుటచే నది సంపూర్ణమైన కంప్యూటరే. అయినను దానికి తెర లేదు, మీటలు లేవు, బ్యాటరీ లేదు. కావున నీలవేణి దానిని టీవీకి దగిలించి, తీగ పలికిన స్వరము సెకనుకు ఎన్నిమారులు కంపించెనో గుర్తించి గీతగా చూపు నొక ప్రోగ్రామును ఆ శ్రావణమంతయు కూర్చుండి వ్రాసినది. ఆమె విజయనగరపు కళాశాలలో భౌతికశాస్త్రము చదివినది. అంతకుముందే బాల్యమున నేడేండ్లు వీణ నేర్చినది. కాని యీ శ్రమకు హేతువు చదువు గాదు.

గత వైశాఖమున ఆ యింట తయారైన యొక వీణ, తారస్థాయి మెట్లు సరిగా లేవను మాటతో మఱలివచ్చెను. యాభైయేండ్లలో నట్లు జరుగుట యదియే ప్రథమము. "ఎండకు మెట్లను నిలుపు మైనము కరగినది" అని సింహాచలాచారిగారు దానిని మూల జేర్చి దుప్పటి గప్పిరి. ఒక మధ్యాహ్నము నీలవేణి యా దుప్పటి తొలగించి మీటి చూడగా మంద్రమును మధ్యమును నిర్దోషముగా నుండెను గాని పైమెట్లన్నియు స్వరమున వెండ్రుకవాసి తగ్గియుండెను. మైనము కరగినచో నొక మెట్టిటును నొక మెట్టటును జరుగవలెను. అన్నియు నొక్కవైపునకే యేల జరుగును? జరిగినది మైనము గాదు, చెవి. ఆ తరువాత నామె గమనించినకొలది తార్కాణములు దొరకినవి. పాలవాని సైకిలుగంట మామగారికి వినబడుట లేదు. పెరటి కీచురాళ్ళు ఆయనకు మూగవోయినవి. అత్తగారి గొంతుమాత్రము చక్కగా వినబడుచుండుటచే ఇంట నింకెవ్వరికిని అనుమానము కలుగలేదు.

ఇప్పుడు పార్వతీపురమునందలి యొక సంగీతోపాధ్యాయిని కొఱకు కొత్తవీణ సిద్ధమగుచున్నది. దసరాకు ముందే యియ్యవలెను. "ఇదియు మఱలివచ్చెనా, ఉలులన్నిటికి నూనె వ్రాసి పెట్టెలో బెట్టివేయుదును" అని ముసలాయన యొకనాడు శాంతముగా పలికినమాట నీలవేణి గుండెలో ముల్లువలె నుండిపోయెను. ఏలయన ఆమె భర్త సోమేశ్వరుడు వీణశిరముపై యాళియను సింహరూపపు ముఖమును జీవముట్టిపడునట్లు చెక్కగలడు గాని స్వరజ్ఞానము లేనివాడు. మెట్లను మైనమున బిగించి స్వరము గుదుర్చుటకు మేళము కట్టుట యని పేరు. ఆ పని యింటిపెద్ద యొంటరిగా పెరటిపాకలోని గదిలో గూర్చుండి చేయవలెను. ఆడువారు మైనము కరగించి గిన్నెను గడపయొద్ద నుంచి వెనుదిరుగవలెను. పదునొకండేండ్లుగా నీలవేణి ఆ గిన్నెను మోసినది. గడపయొద్ద నొక క్షణ మధికముగా నిలిచి వినినది. మామగారు ఉలి విడిచినచో ఆ యింటి వీణయే యాగిపోవును. ఆయనతో "మీ చెవి తగ్గినది" అనుటకు ఆమెకు నోరు రాదు.

టీవీని పాకలోనికి మోసికొనిపోలేము గనుక పలకనే పాకకు బోవునట్లు చేయవలెనని యామె నిశ్చయించుకొనెను. ఏడంగుళముల తెరను టపాలో దెప్పించెను. చిన్న కీబోర్డును, ఫోనుకు వాడు పవర్‌బ్యాంకును, గుండీయంతటి మైకును సమకూర్చుకొనెను. అన్నియు కలిపి చాపమీద బఱచిన నది చిక్కుపడిన సేమ్యావలె నుండెను.

"ఫోనులోనే శ్రుతి చూచు సాధనము గలదు గదా, దీని కింత హంగామా యేల?" అని సోమేశ్వరుడడిగెను.

"ఫోనులో నొక్క స్వరమే కనబడును. నాకు ఇరువదినాలుగు మెట్లు నొక్క చూపులో కనబడవలెను. అదియునుగాక మీ ఫోను మీ జేబు విడిచి యెన్నడైన వచ్చినదా?"

ఇంతలో సింహాచలాచారిగారు వచ్చి ముక్కుమీది కళ్ళజోడు సవరించుకొని వంగి చూచిరి. "ఏమమ్మా యిది? పేగులన్నియు బయటనే యున్నవి."

"ఇల్లు లేని కంప్యూటరు మామయ్యగారూ. ఒడిలో నుంచుకొని యెచ్చటికైన దీసికొనిపోవుటకు మడతపెట్టె కావలెను. తీగ పలికిన స్వరమును ఇది తెరమీద చూపును."

"స్వరమును చూచుట యేమమ్మా? పాయసమును చెవిలో బోసికొన్నట్లు!" అని యాయన నవ్విరి. పిదప పచ్చపలకను వ్రేలితో తడవి "ఇందులో నున్నవన్నియు ఒక్కపలకమీదనేనా? అతుకు లేదా?" అని యడిగిరి. లేదని యామె చెప్పినంతనే ఆ ముదుసలి కన్నులలో నొక దీపము వెలిగెను. కుండయు దండియు శిరమును ఒకేదుంగనుండి అతుకులేక తొలిచిన వీణను ఏకాండి యందురు. ఆ పనియే ఆయన వంశమునకు పరువు. "అయినచో దీని యిల్లును ఏకాండియే కావలెను. నీవు రేకుడబ్బీలో బెట్టి దీనిని అవమానించితివి" అని యాయన యప్పుడే లేచి పోయి, కొత్తవీణకు గోసిన దుంగలోనే మిగిలిన దిమ్మెను ఎత్తుకొని వచ్చిరి.

ఎనిమిదిదినములలో పెట్టె సిద్ధమైనది. ఒకేదిమ్మెను నిలువున జీల్చి క్రిందిసగమును పొట్టగాను పైసగమును తెరకు మూతగాను తొలిచి ఇత్తడికీళ్ళు బిగించి అంచులకు సన్నని లత చెక్కి లక్కతో మెఱుగు పెట్టిరి. మూసినచో నడుమ చీమయైన దూరదు. నూకరత్నమ్మ గూడ దానిని చీరచెఱగుతో దుడిచి "నగలు దాచుకొనవచ్చును" అని మెచ్చుకొనెను.

నీలవేణి పలకను పొట్టలో నమర్చి కీబోర్డు కప్పి మూత యెత్తి మీట నొక్కగా తెర వెలిగెను. అందఱును చేతులు చఱచిరి. పావుగంట గడచెను. ఉన్నట్లుండి నూకరత్నమ్మ ముక్కెగబీల్చి "ఎవ్వరో పులుసు పెట్టుచున్నారు" అనెను. పొయ్యి యార్చియే యున్నది. ఆ పరిమళము పెట్టెలోనుండి వచ్చుచుండెను. డబ్బీలో వసించిన దినములలో పలక యొంటబట్టించుకొన్న ఇంగువ, వేడికి మేలుకొన్నది. మఱునిమిషమున తెర నల్లబడిపోయెను.

సింహాచలాచారిగారి ముఖము గూడ నట్లే యాయెను. "నా పనిలో లోపమా?" అని మెల్లగా నడిగిరి.

"లోపము గాదు మామయ్యగారూ, పని మఱీ బాగైనది. లోపల దానికి ఊపిరాడుట లేదు. వేడెక్కి తనకు దానే యాగిపోయినది."

ఆయన పెట్టెను ఒడిలోనికి దీసికొని చాలసేపు చూచి యకస్మాత్తుగా తొడ చఱచుకొనిరి. "యాభైయేండ్లుగా వీణకుండ పైపలకకు రంధ్రములు తొలుచుచున్న చేయి యిది! లోపల పలుకుదానికి బయటిగాలి కావలెనని నాకొకరు చెప్పవలెనా? తొలుచుటకు బరమా యిటు తెమ్ము." కీబోర్డు కిరువైపుల పైపలకపై, వీణకు తొలుచు తీరుననే చిన్నరంధ్రములను పూవులుగా గ్రుచ్చి, అడుగునను కొన్ని తొలిచి నాలుగు పొట్టి పాదములు గూడ నతికిరి. ఆ సాయంకాలము తెర మూడుగంటలు వెలిగి యొక్కమారైన కన్నుమూయలేదు.

మేళము కట్టు దినము వచ్చెను. నీలవేణి మైనపుగిన్నెను గడపయొద్ద నుంచి వాడుకచొప్పున వెనుదిరుగుచుండగా లోపలినుండి పిలుపు వినవచ్చెను. "ఆ పెట్టెతో మాటాడుట నాకు రాదు. నీవు లోపలికి వచ్చి కూర్చుండుము."

ఆమె మొదటిమారుగా ఆ గడప దాటెను. పెట్టెను ఒడిలో దెఱచి మైకును వీణయొద్ద నుంచెను. ముసలాయన యొక్కొక్క కంచుమెట్టును మైనములో నదిమి మీటుచుండ తెరమీద నొక్కొక్క గుర్తు సరియైన గీతపై బచ్చగా వచ్చి కూర్చుండెను. "ఇదియు నా మాటయే చెప్పుచున్నదే!" అని యాయన పసివానివలె మురిసిరి. పదునెనిమిది మెట్లు పచ్చగా నిలిచినవి. పందొమ్మిదవది గీతక్రింద ఎఱ్ఱగా నిలిచెను. ఇరువదవదియు నట్లే. ఇరువదియొకటవదియు నట్లే.

"మైకు సరిగా నుంచితివా?"

ఆమె సవరించెను. గుర్తు కదలలేదు.

"అయినచో యంత్రము పొరబడినది" అని యాయన యనిరి. ఔనను పలుకు నీలవేణి నాలుక చివఱకు వచ్చెను. ఆ యొక్క పలుకుతో ఆనాటికి ఆయన పరువు నిలుచును. ఆ వీణ మాత్రము మఱలివచ్చును. ఆమె పెదవి కఱచుకొని యూరకుండెను. ఆ మౌనమును సింహాచలాచారిగారు చక్కగా వినిరి.

"యంత్రమును విడువుము. నీ చెవి యేమనుచున్నది?"

"తగ్గుచున్నది మామయ్యగారూ. వెండ్రుకవాసి."

"ఎన్నాళ్ళనుండి యెఱుగుదువు?"

"వైశాఖమునుండి."

"మఱి యేల చెప్పవైతివి?"

"మీరు మైనమనిరి."

ఆయన యొక్కక్షణము ఆమెను దేఱిపాఱ జూచి చిన్నగా నవ్విరి. పిదప మైనపుగిన్నెను ఆమెవైపు జరిపి వీణయెదుటినుండి తాము లేచి ప్రక్కకు గూర్చుండిరి. నీలవేణి పందొమ్మిదవ మెట్టును కుండవైపు జరిపి మీటెను. తెరమీద గుర్తు పచ్చనయ్యెను. మామగారు తెర చూడలేదు. దండిపై వ్రేళ్ళు ఆనించి కోడలి ముఖమునే చూచుచుండిరి. ఆ ముఖము విచ్చుకొనగానే "చాలును, తరువాతిది" అనిరి.

మధ్యాహ్న మందఱును భోజనమునకు గూర్చుండిరి. డబ్బీ తిరిగి వంటయింటి కాపురమునకు వచ్చినందున పులుసు ఘుమఘుమలాడుచుండెను. సింహాచలాచారిగారు మజ్జిగయన్నము కలుపుకొనుచు తలయెత్తిరి.

"నా చెవి పైస్థాయిని విడిచినది. దాచుట వలన వీణ చెడును. కుండ నేను తొలుతును, యాళి సోముడు చెక్కును. ఈ యింట మేళ మిక నీలవేణి కట్టును. మూలనున్న వీణను గూడ ముందుగా విప్పి సరిచేసి పంపును."

సోమేశ్వరుడు ముద్ద నోటివఱకు దీసికొనిపోయి యాగెను. నూకరత్నమ్మ గరిటె దింపి "ఆడుది మేళము కట్టుటయా? మన యింట నెన్నడైన గలదా?" అనెను.

"పదునొకండేండ్లు గడపకావల నిలిచి వినినది. గడప కిటునటు స్వర మొక్కటే. ఆ పెట్టె తగ్గినది హెచ్చినది చెప్పును గాని తీయనిదో కాదో చెప్పదు. అది నీలవేణి చెవి చెప్పును."

నూకరత్నమ్మ కోడలి విస్తరిలో అడుగకయే మఱియొక గరిటెడు పులుసు వడ్డించి "అయినచో నా టీవీ నాకు వచ్చినట్లేనా?" అని యడిగెను. వచ్చినట్లేయని నీలవేణి తలయూపెను. ఆమె కన్నులు నిండియుండుటకు కారణము పులుసులోని కారమని అందఱును మర్యాదగా నమ్మిరి.

చావడికిటికీలో తెఱచియున్న పనసపెట్టె పూలరంధ్రములనుండి వెచ్చనిగాలి సన్నగా వెలువడుచుండెను. సింహాచలాచారిగారు చేయి కడుగుకొనుటకు లేచుచు, వీణకు కట్టకడపటి తీగ బిగించువానివలె నిదానముగా ననిరి.

"రేపటినుండి మైనపుగిన్నె గడపయొద్దకు నేను దెచ్చి యిత్తును."